కూర్చునే ఉద్యోగం

లోకంలో నిలబడి చేసే ఉద్యోగాలున్నాయి, తిరిగి చేసే ఉద్యోగాలున్నాయి, నిద్రపోతూ చేసే ఉద్యోగాలు కూడా ఉన్నాయని పెద్దాఫీసులు చూసొచ్చినవాళ్లు చెబుతారు. కబుర్లక్కకి దొరికింది మాత్రం ఊరికే కూర్చునే ఉద్యోగం. నవ్వకూడదు, మాట్లాడకూడదు, తలెత్తకూడదు. చేతిలో ఒక పత్రిక పట్టుకుని, అందులో ఒకే పేజీ చూస్తూ ఉండాలి. ఆ పేజీలో గులాబీ మొక్క బొమ్మ ఒకటుంది. తన చూపుల వేడికి ఆ మొక్క రెండు మొగ్గలు తొడిగిందని కబుర్లక్క అంటే, నమ్మాలి మరి. చూసినవాళ్లెవరూ లేరు.

అసలు ఆమెని నోరు మూసుకుని కూర్చోమనడమంటే కప్పని తక్కెట్లో కుదురుగా కూర్చోమన్నట్టే. అంతకుముందు బస్టాండు మైకులో వినిపించే గొంతు ఆమెదే. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎవరి సంచి ఎక్కడ దొరికిందో, ఎవరి పిల్లాడు ఎవరి కోసం ఏడుస్తున్నాడో అన్నీ ఆ గొంతే చెప్పేది. అది విని తప్పిపోయిన మేకలు కూడా సరైన బస్సెక్కి ఇల్లు చేరేవని చెప్పుకునేవారు. చెప్పుకున్నదెవరంటే, ఆమే.

ఒకాయన ఆ గొంతు మీద మనసుపడ్డాడు. ఆ గొంతు గలావిడ తీగలా ఉంటుందని ఊహించుకుని, పూలు పట్టుకుని మైకు గది దాకా వచ్చాడు. తలుపు తీశాడు. ఆమెని పైనుంచి కిందకీ, ఈ పక్కనుంచి ఆ పక్కకీ చూశాడు. చూడ్డానికే కాస్త టైం పట్టింది. తర్వాత "మరుగుదొడ్డి ఎటండీ" అని అడిగి, పూలతో సహా అటే వెళ్లిపోయాడు. ఈ కథ కబుర్లక్క ఎక్కడ చెప్పినా జనం పొట్ట పట్టుకుని నవ్వేవారు. అందరికన్నా ముందు తనే నవ్వేది. తన ఒంటి మీద జోకు ఇంకొకళ్లు వేసేలోపు తనే వేసెయ్యడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఎలాగూ పడే దెబ్బ మన చేత్తో మనం కొట్టుకుంటే కాస్త మెల్లగా తగులుతుందని ఆమె లెక్క.

తర్వాత బస్టాండుకి మాట్లాడే మిషను వచ్చింది. దానికి జలుబు చెయ్యదు, సెలవు అడగదు. కబుర్లక్క ఉద్యోగం పోయింది. ఎక్కడికి వెళ్లినా కుర్చీ కేసి ఒకసారి, ఆమె కేసి ఒకసారి చూసి, "కబురు చేస్తాం" అనేవారు. ఆ కబుర్లు ఏ ఎద్దుబండి మీద బయల్దేరాయో గానీ ఇప్పటికీ చేరలేదు.

అప్పుడు దొరికింది ఈ పని. పిల్లల మీద పరిశోధన చేసే ఆఫీసు అది. నడిపేది ఒక సన్నటి, మెత్తటి మేడం. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడేది కాబట్టి కబుర్లక్క ఆవిడకి టేపు మేడం అని పేరు పెట్టుకుంది. ఆవిడ మొదటి రోజే దాచకుండా చెప్పింది.

"అక్కా, పిల్లలు ముగ్గురు ముగ్గురు చొప్పున ఈ గదిలోకి వస్తారు. గుమ్మం పక్కన చిన్న కుర్చీలు ఉంటాయి. తలా ఒకటి తీసుకుని ఎవరికి నచ్చిన చోట వాళ్లు వేసుకుంటారు. మీకెంత దూరంలో వేసుకున్నారో తర్వాత నేను కొలుస్తాను. లావుగా ఉన్నవాళ్లంటే పిల్లల మనసులో ఏముందో తెలుసుకోవడానికి. మీకు కష్టంగా ఉండొచ్చు. ఎప్పుడు మానేస్తానన్నా సరే."

"ఊళ్లోవాళ్లంతా ఊరికే చేస్తున్న పనే కదమ్మా ఇది," అంది కబుర్లక్క. "మీరు జీతమిచ్చి చేయిస్తామంటున్నారు. ఎందుకు మానేస్తాను?"

పిల్లలు ఈ గదిలోకి వచ్చే ముందు పక్కగదిలో కార్టూన్ చూస్తారు. కొందరికి ఉట్టి కార్టూన్. కొందరికి మధ్యలో టపటప బిస్కెట్ల ప్రకటన. ఆ ప్రకటన అప్పట్లో ఏ ఇంట్లో టీవీ పెట్టినా వచ్చేది. పుల్లలాంటి కుర్రాడు ఒక బిస్కెట్ తిని ఇళ్ల మీద నుంచి ఎగురుతుంటాడు. వాడి చేతిలో పొట్లం కోసం బస్తా మామ అనే లావుపాటాయన రొప్పుకుంటూ పరిగెత్తి, లాగు చినిగి, బురదలో పడతాడు. చుట్టూ పిల్లలు చప్పట్లు కొట్టి "బస్తా మామా, లే లే" అని పాడతారు. ఇది చూసినవాళ్లు కుర్చీ ఎక్కడ వేసుకుంటారు, చూడనివాళ్లు ఎక్కడ వేసుకుంటారు, అదీ పరిశోధన.

"ఆ మామ ఆ బిస్కెట్లు తినే అట్లా అయ్యాడేమో కదమ్మా," అని అడిగింది కబుర్లక్క ఒకసారి.

"ప్రకటన మొత్తంలో ఆయనకి ఒక్కటి కూడా దొరకదక్కా. తినేదంతా ఆ సన్న కుర్రాడే."

"అయితే గాలి తిని ఉబ్బాడన్నమాట. మా వంశమే."

టేపు మేడం నవ్వలేదు. ఆవిడకి నవ్వు రాదని కాదు, ఏది జోకో ఏది కాదో తేల్చుకోడానికి ఆవిడకి పరిశోధన కావాలి.

పనిలో కష్టం ఏమీ లేదు. నాలుగు కాళ్ల కిందా గుర్తులు అంటించిన ఒక పెద్ద కుర్చీలో కూర్చోవడమే. గుర్తు మీద నుంచి కుర్చీ జరగకూడదు. తలెత్తకూడదు కాబట్టి కబుర్లక్కకి పిల్లల ముఖాలు కనిపించేవి కావు, బూట్లే కనిపించేవి. గుమ్మంలో ఆగే బూట్లు, వెనక్కి జంకే బూట్లు, కుర్చీని బరబరా అవతలికి లాక్కుపోయే బూట్లు. కూర్చున్నాక ముగ్గురూ ఒక చోట గుసగుసలాడేవారు. ఆమె చుట్టూ గచ్చు మాత్రం పంట కోసేసిన పొలంలా ఖాళీగా ఉండేది. సాయంత్రం ఇంటికి వెళ్లి, గది తాళం తీసి, బ్రెడ్డు ముక్కలు కాల్చుకుంటూ ఆ రోజు మాట్లాడనివన్నీ పొయ్యితో మాట్లాడేది. పొయ్యి బాగానే వినేది. కాకపోతే మధ్యలో ఒక్కోసారి ఆరిపోయేది.

ఆమెకున్నదల్లా ఆదివారం. ఆదివారం తమ్ముడింటికి వెళ్లేది. తమ్ముడు, మరదలు, వాళ్ల కూతురు. ఆ పిల్లకి నడక కన్నా ఎక్కడం ముందొచ్చింది కాబట్టి ఇంట్లో అందరూ ఉడుత అనేవారు. ఉడుత ఎక్కే చెట్టు మేనత్తే. కబుర్లక్క సోఫాలో కూర్చుని, పిల్ల వస్తున్న చప్పుడు వినగానే కాస్త ఎడమ పక్కకి జరిగేది. ఆ సందులోకి ఉడుత దూరి, అత్త చేతిని దుప్పటిలా కప్పుకుని, "కథ" అనేది. వెంటనే మేకలు బస్సెక్కేవి, ఏనుగులు టికెట్ లేకుండా దొరికిపోయేవి.

ఇదంతా ఒక వాన రోజు దాకా. ఆ రోజు గొడుగు పట్టుకుని ఉడుత కోసం బడి గేటు దగ్గరికి వెళ్లింది. గేట్లోంచి వస్తున్న పిల్లల్లో ఎవరో "బస్తా మామా, లే లే" అని ఎత్తుకున్నారు. ఇంకెవరో "మామ కాదురా, బస్తా అత్త" అని సవరించారు. కబుర్లక్క గొడుగు కిందే ఒక గంతు వేసి వాళ్లని నవ్వించింది. ఉడుత నవ్వలేదు. దారంతా గొడుగు అంచున తడుస్తూ నడిచింది. ఇంటి దగ్గర మెట్లెక్కుతూ, వెనక్కి చూడకుండా అంది.

"అత్తా, ఇంక గేటు దగ్గరికి రాకు. వస్తే ఆ సందు చివర ఉండు."

"అట్లాగే," అంది కబుర్లక్క. "సందులో నేను పడతానో లేదో మరి."

దానికీ నవ్వలేదు. ఆ తర్వాతి ఆదివారం ఆమె సోఫాలో ఎడమ పక్కకి జరిగింది. ఉడుత టీవీ ముందు చాప మీద కూర్చుంది. ఆ పై ఆదివారమూ అంతే. "ఎదుగుతోంది కదా వదినా," అంది మరదలు. కబుర్లక్క అవునంది. ఎదిగితే మంచిదే. కానీ ఆ సందులో ఒక్కసారి మళ్లీ ఆ పిల్ల కూర్చుంటే చాలని వారమంతా అదే అనుకునేది. ఇంకేమీ అడగను అని ఎవరికో మాటిచ్చింది కూడా. ఎవరికిచ్చిందో ఆమెకే తెలియదు.

ఉడుత బడి పిల్లలు ఒక రోజు పరిశోధనకి వచ్చారు. వస్తారని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఏ బడి పిల్లలు వస్తారో కూర్చునే మనిషికి ముందుగా చెప్పకూడదని నియమం. తన పనేమిటో ఇంట్లో చెప్పకూడదని ఇంకో నియమం. అందుకని తమ్ముడింట్లో ఆమె ఆఫీసులో కుర్చీకి కాపలా కాస్తోందని మాత్రమే తెలుసు. ఈసారికి అది కోతలు కొయ్యడం కూడా కాదు.

ప్రతి ముగ్గురినీ లోపలికి పంపే ముందు టేపు మేడం గుమ్మం దగ్గర ఒక ప్రశ్న అడుగుతుంది. తెలిసిన మనిషైతే పిల్లలు దగ్గరగా కూర్చుంటారు కదా, ఆ కొలత పనికిరాదు. ఆ రోజూ అడిగింది.

"లోపల కూర్చున్న ఆవిడ మీలో ఎవరికైనా తెలుసా?"

"తెలీదు," అన్నాడు ఒక పిల్లాడు. తర్వాత గొంతు తగ్గించి, "బస్తా అత్త," అన్నాడు. పక్కపిల్ల కిసుక్కుమంది.

"నీకు?"

"నాకూ తెలీదు," అంది ఆ పక్కపిల్ల.

"నీకమ్మా?"

గచ్చు మీద ఒక బూటు అటూ ఇటూ రాసుకున్న చప్పుడు.

"తెలీదు."

ఒక్క మాటలో గొంతు పోల్చుకోవడం కష్టం. లోకంలో పిల్లల గొంతులు పిచ్చుకల్లాంటివి, అన్నీ ఒక్కలాగే ఉంటాయి అని కబుర్లక్క తనకి తనే చెప్పుకుంది. తర్వాత బూట్లు వచ్చాయి. రెండు జతలు మామూలువి. మూడో జతలో ఒక బూటుకి ఎర్ర లేసు, రెండో దానికి పచ్చ లేసు. రెండూ ఒకే రంగైతే ఏ కాలు ఏదో తనకి తెలియదని ఉడుత పేచీ పెడితే, ఆ లేసులు ఎక్కించింది తనే.

అప్పుడు జరిగింది తప్పు. బుర్ర ఇంకా ఆలోచిస్తూనే ఉంది, ఒళ్లు మాత్రం ఆగలేదు. పిల్ల వస్తున్న చప్పుడుకి ఎప్పటిలాగే ఎడమ పక్కకి జరిగి చోటిచ్చింది. అది సోఫా కాదు. కుర్చీ కాళ్లు గచ్చు మీద కిర్రుమని గుర్తులు దాటి జరిగాయి.

ఎర్ర లేసూ పచ్చ లేసూ అక్కడే ఆగిపోయాయి. ఆ చోటు ఎవరి కోసమో ఈ గదిలో ఇద్దరికే తెలుసు. తర్వాత చిన్న కుర్చీ కదిలిన చప్పుడు. అది ఆమె పక్క నుంచి పోయింది, మిగతా ఇద్దరి కుర్చీలూ దాటింది, కిటికీ కింద గోడకి తగిలి ఆగింది. గోడ అడ్డం రాబట్టి గానీ, లేకపోతే ఆ కుర్చీ పక్క ఊరు చేరేది.

తలెత్తితే చాలు. "ఏమే ఉడుతా" అంటే చాలు. అప్పుడు ఆ పిల్లాడు, ఆ పిల్ల, ఇద్దరూ ఉడుత కేసి చూస్తారు. ఉడుత ఎక్కడికీ పోలేదు, వెనక గోడే ఉంది. కబుర్లక్క గులాబీ మొక్కని చూస్తూ కూర్చుంది. తలెత్తకూడదన్నది టేపు మేడం పెట్టిన నియమం. ఆ కాసేపూ తలెత్తకపోవడానికి మాత్రం ఆ నియమంతో పని లేదు.

పిల్లల్ని పిలుచుకుపోయాక టేపు మేడం కొలవడానికి వచ్చి, వంగి, అట్లాగే ఆగిపోయింది.

"అక్కా, మీ కుర్చీ జరిగిందే."

"తేనెటీగ వచ్చిందమ్మా. పిచ్చుకంత ఉంది. నా ముక్కు చూసి పువ్వనుకుంది కాబోలు."

టేపు మేడం కిటికీ కేసి చూసింది. "కిటికీ వేసే ఉంది కదక్కా."

"అందుకే ఎటు పోవాలో తెలీక నా మీదకి వచ్చింది."

"మీ కుర్చీ జరిగితే ఈ ముగ్గురి కొలతలూ పనికిరావు. తీసెయ్యాలి."

"తీసెయ్యండమ్మా."

"వీళ్లలో తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?"

"లేరు."

ఇన్నాళ్లూ ఆమె ఎదుటివాళ్లు నవ్వడానికే అబద్ధాలాడింది. ఎవరూ నవ్వని అబద్ధం ఆడటం ఇదే మొదలు. టేపు మేడం కిటికీ కింద కుర్చీ తెచ్చి మిగతావాటి మీద పెట్టేసింది. ఆ దూరం ఎక్కడా రాసి ఉండదు. అదొక్కటే కాస్త హాయి.

పని అంతా అయ్యాక పిల్లల్ని పెద్ద గదిలో కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాలి. పిల్లల్ని మోసం చేసి పంపకూడదు కదా. కబుర్లక్కకి ఈ ఉద్యోగంలో ఇష్టమైనది అదే. తలెత్తొచ్చు, నవ్వొచ్చు, అందరి ముఖాలూ చూడొచ్చు. టేపు మేడం పిల్లలకి చెప్పింది, ఈ అత్త మా మనిషే అని. టపటప బిస్కెట్లు అమ్మేవాళ్లు మీ చేత కొనిపించడానికి ముందు మిమ్మల్ని నవ్విస్తారు, నవ్వించడానికి ఒక మనిషిని బురదలో పడేస్తారు, పొట్లాలు మనం కొంటాం, బురద మాత్రం ఇంకెవరికో అంటుతుంది అని చెప్పింది. కొందరు విన్నారు. కొందరు ముక్కు గోక్కున్నారు.

గుమ్మం దగ్గర గుసగుసలాడిన పిల్లాడు చెయ్యెత్తాడు. "మీరు నిజంగానే ఇంత లావా, లోపల దిండు పెట్టుకున్నారా?"

పిల్లలందరూ గొల్లున నవ్వారు. టీచరు కళ్లెర్రజేసింది. కబుర్లక్కకి ఇలాంటి ప్రశ్న దొరికితే పండగే.

"ఒక దిండేంటి నాన్నా, రెండు దిండ్లు, ఒక పరుపు..." అని మొదలుపెట్టింది. మంచం దాకా, మంచం కింద నిద్రపోతున్న పిల్లి దాకా తీసుకెళ్లేదే. ఆఖరి వరసలో ఉడుత తల వంచుకుని, రెండు చేతులతో చెవులు మూసుకుని ఉంది.

కబుర్లక్క పరుపు దగ్గరే ఆగిపోయింది.

"లేదు నాన్నా," అంది. "ఇదంతా నేనే."

ఎవరూ నవ్వలేదు. తన ఒంటి గురించి జోకు లేకుండా ఒక మాట అనడం ఆమెకి కొత్త. ఆ మాట తర్వాత ఏం చెయ్యాలో తెలియక, చేతులు పెట్టుకోడానికి చోటు వెతుక్కుంది.

ఆ పైన పిల్లలు వరసగా వచ్చి ఆమెకి చెయ్యి ఇచ్చి, పేరు చెప్పి వెళ్లాలి. వచ్చారు. ఉడుత ఒక్కొక్కళ్లనీ ముందుకి పంపుతూ వరస చివరికి చేరింది. ఇంకెవరూ మిగల్లేదు. టీచరు పక్కనే ఉంది, పిల్లాడు గుమ్మంలో ఆగి చూస్తున్నాడు. ఉడుత కళ్లలో నీళ్లు కింద పడకుండా నిలబడి ఉన్నాయి. అత్త ఇప్పుడు అందరి ముందూ చెప్పేస్తుందని ఆ పిల్ల ఎదురు చూస్తోంది.

కబుర్లక్క చెయ్యి చాపింది.

"నీ పేరేంటమ్మా?"

పిల్ల పేరు చెప్పింది. ఇంట్లో పిలిచే ఉడుత కాదు, బళ్లో పిలిచే పేరు. ఆ పిల్ల పుట్టిన పూట ఆసుపత్రి వరండాలో తమ్ముడితో పోట్లాడి మరీ ఆ పేరు పెట్టింది కబుర్లక్కే.

"మంచి పేరు," అంది, అప్పుడే విన్నట్టు.

చిన్న చెయ్యి ఆమె చేతిలో తడిగా ఉంది. టీచరు పిలిచింది. మళ్లీ పిలిచింది. అప్పుడు వదిలింది ఉడుత.

ఆదివారం కబుర్లక్క తయారైంది. తయారై మంచం మీద కూర్చుంది. వెళ్లకపోతే మరదలు ఎందుకు రాలేదని అడుగుతుంది. వెళ్తే పిల్ల ముఖం ఎక్కడ పెట్టుకుంటుంది. పొయ్యిని అడిగితే అది ఏమీ చెప్పలేదు. బస్సెక్కే చోటు దాకా వెళ్లి, ఒక బస్సు వదిలేసి, రెండోది ఎక్కింది. ఎక్కగానే డ్రైవరుతో "ఇంక ఎవర్నీ ఎక్కించుకోకు బాబూ, నిండిపోయింది" అనడం ఆమె అలవాటు. ఆ రోజు ఏమీ అనకుండా నిలబడింది.

తలుపు తీసింది ఉడుతే. దాని భుజం వెనక, బొమ్మలన్నీ పరుచుకుని, దిండు సంగతి అడిగిన పిల్లాడు. పై వాటాలోకి కొత్తగా వచ్చినవాళ్ల పిల్లాడట. ఆ సంగతి ఆమెకి అప్పుడే తెలిసింది. వాడు ఆమెని చూసి నోరు తెరిచాడు.

"ఎవరే వచ్చింది?" అని మరదలు వంటగదిలోంచి కేకేసింది.

ఉడుత తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. పిల్లాడు ఆమె కేసీ, ఉడుత కేసీ మార్చి మార్చి చూశాడు.

"నిన్నే. ఎవరే?"

కబుర్లక్క నాలుక చివర ఒక జవాబు సిద్ధంగా ఉంది. "దొంగనమ్మా, పగలైతే దారి బాగా కనపడుతుందని వచ్చాను" అంటే సరిపోతుంది. మరదలు నవ్వుతుంది, పిల్లాడు నవ్వుతాడు, పిల్ల గండం గడుస్తుంది. ఆమె ఆ మాట మింగింది. నెలల తరబడి కుర్చీలో నోరు మూసుకుని కూర్చోవడం ఒక ఎత్తు, ఆ గుమ్మంలో నోరు మూసుకుని నిలబడటం ఒక ఎత్తు.

"అత్త," అంది ఉడుత. తలుపుకి చెప్పినట్టు చెప్పింది.

"నువ్వు తెలీదన్నావుగా," అన్నాడు పిల్లాడు.

ఉడుత అత్త ముఖం కేసి చూడలేదు, చెయ్యి పట్టుకోలేదు. తల వంచుకుని వెనక్కి తిరిగి, బొమ్మల మధ్య నుంచి నడిచి లోపలికి వెళ్లిపోయింది. తలుపు మాత్రం వెయ్యలేదు.

కబుర్లక్క గుమ్మంలో కాళ్లు తుడుచుకుని లోపలికి వచ్చింది. తలుపు తనే దగ్గరగా వేసింది.